నేతాజీ ఎక్కిన ఆఖరి విమానం: ఒక అనుమానం 80 ఏళ్ళు ఎలా బతికింది?

ఈ ఎపిసోడ్ టాపిక్ మీలో కొంతమందికి కోపం తెప్పించొచ్చు. కొంచెం ఓపిక పట్టి చివరిదాకా వినండి. తిట్టాలనిపిస్తే అప్పుడు తిట్టండి, కామెంట్స్ ఎలాగూ ఓపెన్‌గానే ఉంటాయి.

1945 ఆగస్టు 17. సైగాన్. జపాన్ లొంగిపోయి రెండు రోజులైంది. ఆజాద్ హింద్ ఫౌజ్‌కి వెనకున్న బలం ఒక్కసారిగా పోయింది. సుభాష్ చంద్రబోస్, ఆయనతో పాటు ఆరుగురు సహచరులు బ్యాంకాక్ నుంచి అక్కడికి వచ్చారు. అక్కడి నుంచి వెళ్ళాల్సింది జపాన్ వాళ్ళ బాంబర్ విమానంలో. అందులో అందరికీ చోటు లేదు. ఎంత అడిగినా దొరికినవి రెండే సీట్లు. ఒకటి నేతాజీకి, రెండోది కల్నల్ హబీబుర్ రహ్మాన్‌కి. మిగతావాళ్ళంతా సైగాన్‌లోనే ఆగిపోయారు.

అలా ఆగిపోయినవాళ్ళలో ఒకాయన మన హైదరాబాదీ. పేరు ఆబిద్ హసన్. ఇంజినీరింగ్ చదువుకోడానికి జర్మనీ వెళ్ళి, ఆ చదువు పక్కనపెట్టి నేతాజీ వెంట నడిచాడు. 1943లో నేతాజీ జర్మనీ నుంచి ఆసియాకి సబ్‌మెరైన్‌లో మూడు నెలలు ప్రయాణం చేశారు కదా, ఆ ప్రయాణంలో ఆయన పక్కనున్న ఒకే ఒక్క భారతీయుడు ఈ ఆబిద్ హసనే. 'జై హింద్' నినాదం ఆయన ఇచ్చిందే అని చెప్తారు. అంత దగ్గరివాడికి కూడా ఆ రోజు సీటు దొరకలేదు. అంటే తర్వాత ఏం జరిగిందో చెప్పగలిగిన భారతీయుడు ఒక్కడే మిగిలాడు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మొత్తం కథ దీని మీదే తిరుగుతుంది.

మర్నాడు, ఆగస్టు 18 మధ్యాహ్నం, ఆ విమానం తైహోకు నుంచి పైకి లేచింది. తైహోకు అంటే ఇప్పటి తైవాన్ రాజధాని తైపే. లేచిన కాసేపటికే ఇంజిన్ దెబ్బతిని కూలిపోయింది. నేతాజీ బట్టలు పెట్రోల్‌తో తడిసి మంటలు అంటుకున్నాయి. అక్కడి మిలిటరీ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆ రాత్రే చనిపోయారు. వయసు 48. అక్కడే దహనం చేసి, అస్థికలు టోక్యోకి పంపారు. అవి రెంకోజీ అనే బౌద్ధ ఆలయానికి చేరాయి. ఆగస్టు 23న జపాన్ న్యూస్ ఏజెన్సీ ప్రపంచానికి చెప్పింది.

ఇది చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకునే వెర్షన్. కానీ మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది ఇది కాదు కదా? అక్కడ నేతాజీ రష్యాలో జైల్లో ఉన్నారు. లేదా ఫైజాబాద్‌లో బాబాగా 1985 దాకా బతికారు.

మరి ఇంతమంది అలా ఎందుకు నమ్మారు? 'జనం పిచ్చోళ్ళు' అని చెప్పి వీడియో ముగించేయడం చాలా తేలిక. కానీ అది నిజం కాదు. మొదట్లో ఆ అనుమానానికి చాలా గట్టి కారణాలున్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది. నేతాజీ నిజంగానే మాయమవ్వడంలో ఎక్స్‌పర్ట్. 1941 జనవరిలో కలకత్తాలో ఇంట్లో పోలీసుల నిఘాలో ఉన్నారు. ఒక రాత్రి పఠాన్ వేషం వేసుకుని, మహమ్మద్ జియావుద్దీన్ అనే ఇన్సూరెన్స్ ఏజెంట్ పేరుతో బయటపడ్డారు. అన్న కొడుకు శిశిర్ బోస్ కారు నడిపి గోమో స్టేషన్ దాకా దింపాడు. పెషావర్, కాబూల్ దాటి, ఓర్లాండో మజోట్టా అనే ఇటాలియన్ పాస్‌పోర్ట్ మీద మాస్కో మీదుగా బెర్లిన్ చేరారు. ఆయన ఇంట్లో లేరని బ్రిటిష్ వాళ్ళకి తెలిసేసరికి పది రోజులైంది. అప్పుడు పేపర్లలో వచ్చిన ఊహ ఏంటో తెలుసా? సన్యాసం తీసుకుని ఉంటారని! అంటే 'నేతాజీ సాధువైపోయారు' అనే కథ 1945లో కాదు, 1941లోనే పుట్టింది.

రెండోది. ఆయన విమాన ప్రమాదంలో చనిపోయారని అంతకుముందే ఒకసారి వార్త వచ్చింది. 1942 మార్చిలో రాయిటర్స్ ఇచ్చింది, బీబీసీ చదివింది. గాంధీజీ నేతాజీ తల్లికి సంతాపం కూడా పంపించారు. తర్వాత నేతాజీయే ఆజాద్ హింద్ రేడియోలోకి వచ్చి, నేను బతికే ఉన్నానని చెప్పారు. ఇప్పుడు మీరు 1945లో ఉన్నారనుకోండి. మూడేళ్ళ క్రితం ఒకసారి 'విమాన ప్రమాదం, మృతి' అన్నారు, అబద్ధమని తేలింది. మళ్ళీ అదే మనిషి, మళ్ళీ విమాన ప్రమాదం. మీరు నమ్ముతారా? నేనైతే కచ్చితంగా నమ్మేవాణ్ణి కాదు.

మూడోది. ఆధారాలు పల్చగా ఉన్నాయి. చనిపోయాక ముఖం కనిపించేలా తీసిన ఫోటో లేదు. చూసిన భారతీయుడు ఒక్కడే. చెప్పింది ఓడిపోయిన జపాన్ ప్రభుత్వం. పైగా నేతాజీ ప్లాన్ మంచూరియా వైపు వెళ్ళి సోవియట్ వాళ్ళని కలవాలని. కాబట్టి 'రష్యా వెళ్ళిపోయారు' అనే మాట గాల్లోంచి ఊడిపడలేదు. బ్రిటిష్ వాళ్ళే మొదట నమ్మలేదు, ఇంటెలిజెన్స్ ఆఫీసర్లని పంపించి విచారించారు. 1946 జూలైలో జాన్ ఫిగెస్ అనే ఆఫీసర్ రిపోర్ట్ ఇచ్చాడు: ప్రమాదం నిజం, మరణం నిజం అని.

గాంధీజీ విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1946 మొదట్లో ఆయన కూడా సుభాష్ బతికే ఉన్నాడని తన మనసు చెప్తోందన్నారు. గాంధీ అంతటివాడు అంటే దానికి ఎంత బరువు ఉంటుందో ఊహించండి. కానీ అదే ఏడాది మార్చి 30న హరిజన్ పత్రికలో రాస్తూ, ఆ మాట మర్చిపొమ్మని, జరిగిందాన్ని ఒప్పుకోమని జనాన్ని కోరారు. ఇందులో మొదటి మాట మీలో చాలామంది రీల్స్‌లో విని ఉంటారు. రెండో మాట ఎంతమంది విన్నారు? పుకారుకి కాళ్ళుంటాయి, సవరణకి ఉండవు.

ఇక్కడిదాకా ఉన్నది అనుమానం. అనుమానం తప్పు కాదు. ఇంజినీర్‌గా చెప్తున్నా, అనుమానించడం మంచి అలవాటు. కోడ్ పనిచేస్తోందని ఎవరో చెప్తే నమ్మకూడదు, రన్ చేసి చూడాలి. ప్రశ్న ఏంటంటే, రన్ చేసి చూశాక వచ్చిన రిజల్ట్‌ని మనం ఏం చేశాం?

1956లో షా నవాజ్ కమిటీ వేశారు. షా నవాజ్ ఖాన్ ఎవరో కాదు, ఆజాద్ హింద్ ఫౌజ్ ఆఫీసరే, ఎర్రకోటలో విచారణ ఎదుర్కొన్న మనిషి. ఆ కమిటీ 67 మంది సాక్షుల్ని విచారించింది. ప్రమాదం నిజమే అంది. కానీ ముగ్గురు సభ్యుల్లో ఒకరు, నేతాజీ సొంత అన్న సురేష్ చంద్రబోస్, ఒప్పుకోకుండా విడిగా రిపోర్ట్ రాశారు. 1970లో ఖోస్లా కమిషన్ వేశారు. 1974లో రిపోర్ట్ వచ్చింది. అదీ ప్రమాదమే అంది. 1978లో ప్రధాని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో, ఆ రెండు రిపోర్టుల్నీ తుది మాటగా తీసుకోలేమన్నారు. ఇంకేముంది, తలుపు మళ్ళీ తెరుచుకుంది. 1999లో ముఖర్జీ కమిషన్. ఇది మాత్రం వేరేలా తేల్చింది: నేతాజీ ఇప్పుడు లేరు, కానీ విమాన ప్రమాదంలో చనిపోలేదు, రెంకోజీలో ఉన్నది ఆయన అస్థికలు కాదు అంది. 2006లో ప్రభుత్వం ఆ రిపోర్ట్‌ని తిరస్కరించింది.

ముఖర్జీ కమిషన్ మాటకి ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి ఏంటంటే, ఆ రోజు ప్రమాదం జరిగినట్టు తమ దగ్గర రికార్డు లేదని తైవాన్ అధికారులు చెప్పడం. వినగానే గూస్‌బంప్స్ వస్తాయి. 'చూశారా, అసలు ప్రమాదమే జరగలేదు!' కానీ ఒక్క నిమిషం ఆగండి. 1945 ఆగస్టులో తైవాన్ ఎవరి చేతిలో ఉంది? జపాన్ చేతిలో. ఇప్పటి తైవాన్ ప్రభుత్వానికి మూలమైన చైనా రిపబ్లిక్ అక్కడ పగ్గాలు తీసుకున్నది అక్టోబర్ 25న. మీరు అద్దె ఇంట్లోకి దిగకముందు రెండు నెలల కరెంటు బిల్లు మిమ్మల్ని అడిగితే మీ దగ్గర ఉంటుందా? ఉండదు. అంతమాత్రాన ఆ ఇంట్లో అప్పుడు కరెంటే లేదని కాదు కదా.

ఇప్పుడు ఆ ఫైజాబాద్ బాబా సంగతి. గుమ్‌నామీ బాబా అనేవారు. ముఖం చూపించకుండా తెర వెనక నుంచి మాట్లాడేవారు. 1985 సెప్టెంబర్‌లో చనిపోయారు. ఆయన గదిలో నేతాజీ కుటుంబం ఫోటోలు, గుండ్రటి కళ్ళజోడు, ఆజాద్ హింద్ ఫౌజ్‌కి సంబంధించిన వస్తువులు దొరికాయి. సినిమా క్లైమాక్స్‌లా ఉంటుంది. ముఖర్జీ కమిషన్ ఆయన పళ్ళకి డీఎన్‌ఏ టెస్ట్ చేయించింది. మ్యాచ్ కాలేదు. తర్వాత ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వేసిన విష్ణు సహాయ్ కమిషన్ కూడా ఆయన నేతాజీ కాదు, నేతాజీ అనుచరుడై ఉండొచ్చని తేల్చింది. 2019లో ఆ రిపోర్ట్ బయటికొచ్చింది. మరి నమ్మకం తగ్గిందా? లేదు. డీఎన్‌ఏ శాంపిల్ మార్చేశారు అన్నారు.

అసలు కీలకం ఇక్కడుంది ఫ్రెండ్స్. మొదట అది ఒక ప్రశ్న. ప్రశ్నకి జవాబు ఉంటుంది. కానీ ఎక్కడో ఒకచోట అది ప్రశ్నగా ఉండడం మానేసింది. ఆధారం దొరికితే 'చూశారా', దొరకకపోతే 'దాచేశారు చూశారా'. కమిషన్ అవునంటే నిజం, కాదంటే అమ్ముడుపోయింది. సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ రాస్తాం కదా. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా పాస్ అయ్యేలా రాసిన టెస్ట్‌ని టీమ్ లీడ్‌కి చూపిస్తే ఏమంటాడు? ఫెయిల్ అవ్వడానికి ఛాన్సే లేని టెస్ట్ దేన్నీ పరీక్షించడం లేదు అంటాడు. ఓడిపోవడానికి వీలే లేని నమ్మకం కూడా అంతే.

ఇంకోటి గమనించండి. రష్యాలో స్టాలిన్ చంపించాడు అనే థియరీ, ఫైజాబాద్‌లో 1985 దాకా బతికారు అనే థియరీ, రెండూ ఒకేసారి నిజం కాలేవు. కానీ రెండు వీడియోల్నీ ఒకే మనిషి ఫార్వర్డ్ చేస్తాడు. 2012లో బ్రిటన్‌లోని కెంట్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటిదే గమనించారు. ప్రిన్సెస్ డయానాని చంపేశారు అనే మాట వైపు ఎంత మొగ్గితే, ఆమె చావు నాటకమాడి బతికే ఉంది అనే మాట వైపు కూడా అంత మొగ్గు కనిపించింది. ఆ లెక్కని ఎలా చదవాలనే దాని మీద తర్వాత వాదనలు జరిగాయి, అది వేరే విషయం. కానీ వాళ్ళు చెప్పిన కారణం ఆలోచించదగ్గదే. ఇలాంటి చోట మనిషి నమ్మేది కథని కాదు. 'పైవాళ్ళు మనకి నిజం చెప్పరు' అన్న ఒక్క మాటని. ఆ మాటకి ఏ కథ తగిలించినా అతుక్కుంటుంది.

మరి పైవాళ్ళు నిజం చెప్పారా అంటే, పూర్తిగా చెప్పలేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, ఇక్కడ నిప్పు కొంచెం నిజంగానే ఉంది. స్వతంత్రం వచ్చాక కూడా, 1948 నుంచి 1968 దాకా, మన ఇంటెలిజెన్స్ బ్యూరో నేతాజీ కుటుంబం మీద నిఘా పెట్టిందని 2015లో బయటపడింది. ఇరవై ఏళ్ళు! ఫైల్స్‌ని దశాబ్దాల పాటు సీక్రెట్ అని దాచారు. 1992లో ఆయనకి మరణానంతరం భారతరత్న ప్రకటించారు. 'మరణానంతరం' అనే మాట మీదే కోర్టుకి వెళ్ళారు, చివరికి ఆ ప్రకటన రద్దయింది. నెహ్రూ, రాజేంద్రప్రసాద్, ఇందిర, వాజ్‌పేయి, అందరూ రెంకోజీ వెళ్ళి నమస్కరించి వచ్చారు. ఎవరూ అస్థికల్ని తీసుకురాలేదు. ప్రభుత్వమే ఒక చేత్తో అవును, ఇంకో చేత్తో ఏమో అంటుంటే జనాన్ని మాత్రమే ఎలా తప్పుపడతాం?

2015లో బెంగాల్ ప్రభుత్వం 64 ఫైల్స్ విడుదల చేసింది. 2016 జనవరి 23న, నేతాజీ పుట్టినరోజున, కేంద్రం 100 ఫైల్స్ బయటపెట్టింది. అందరూ ఎదురుచూసిన బాంబు వాటిలో లేదు. 2017లో ఒక ఆర్టీఐకి జవాబుగా హోంశాఖ, నేతాజీ 1945 విమాన ప్రమాదంలోనే చనిపోయారని చెప్పింది. 'కాంగ్రెస్ దాచింది' అన్న వాదనకి అక్కడితో తెరపడాలి. పడలేదు. 'అసలు ఫైల్స్ ఇవి కావు' అన్నారు.

కుట్రలు అసలు జరగవని నేను అనట్లేదు. 1941లో నేతాజీ తప్పించుకోవడం పక్కా కుట్ర, అద్భుతమైన కుట్ర. ఎంతమందికి తెలుసు? ఇంట్లో కొద్దిమందికి. రహస్యం ఎన్నాళ్ళు ఆగింది? ఆయన లేరన్న సంగతి పది రోజులు. తర్వాత ఎలా వెళ్ళారో శిశిర్ బోస్ తనే చెప్పారు. నిజమైన కుట్ర అలా ఉంటుంది: తక్కువమంది, తక్కువ కాలం, చివరికి ఎవరో ఒకరు నోరు విప్పుతారు. ఇప్పుడు ఇంకోవైపు లెక్కేయండి. జపాన్ డాక్టర్లు, సైనికులు, హబీబుర్ రహ్మాన్, బ్రిటిష్ ఇంటెలిజెన్స్, రష్యా, ఢిల్లీలో అన్ని పార్టీల ప్రభుత్వాలు, అందరూ కలిసి 80 ఏళ్ళు ఒకే అబద్ధానికి కట్టుబడి ఉండాలి. మన దగ్గర ఎగ్జామ్ పేపర్ ఒక్క రాత్రి దాగదు.

ఇన్ని తెలిసినా బయటికి రావడం ఎందుకంత కష్టం? నాకు అర్థమైనంతలో మూడు కారణాలు.

ఒకటి, సైజు. అంత పెద్ద మనిషి, మారువేషంలో దేశాలు దాటినవాడు, సైన్యాన్ని నడిపినవాడు, ఒక ఇంజిన్ పాడైతే చనిపోవడమేంటి? మనసు ఒప్పుకోదు. పెద్ద చావుకి పెద్ద కారణం కావాలి. అమెరికాలో కెన్నెడీని ఒక్క ఆస్వాల్డ్ కాల్చాడంటే ఇప్పటికీ చాలామంది ఒప్పుకోనిది ఇందుకే.

రెండు, ప్రేమ. నేతాజీ బతికే ఉన్నారని నమ్మడం ఆయన మీద భక్తి. ఆయన ఉండుంటే దేశం ఇలా ఉండేది కాదన్న ఆశ కూడా అందులోనే ఉంది. కాబట్టి 'ఆయన 1945లో చనిపోయారు' అని ఒప్పుకుంటే ఒక డేట్ మాత్రమే కాదు, ఆ ఆశ కూడా పోతుంది.

మూడు, మనుషులు. నలభై ఏళ్ళు ఆ ఉద్యమంలో తిరిగినవాడికి స్నేహితులు అక్కడే, గౌరవం అక్కడే. ఒకరోజు లేచి 'మనం పొరబడ్డామేమో' అంటే అవన్నీ పోతాయి. పైగా ద్రోహి అంటారు. అనుమానం పెనుభూతం అంటారు మనవాళ్ళు. ఆ భూతం ఒంటరిగా ఉన్నవాణ్ణి కాదు, గుంపులో ఉన్నవాణ్ణి ఇంకా గట్టిగా పడుతుంది.

దీనివల్ల ఎవరికి నష్టం అంటారేమో. ఇద్దరి గురించి చెప్పి ముగిస్తా.

హబీబుర్ రహ్మాన్. ఆ మంటల్లో నేతాజీని కాపాడబోయి తన చేతులు కాల్చుకున్నాడు. జీవితాంతం అదే సాక్ష్యం చెప్పాడు. జీవితాంతం అబద్ధాలకోరు అనిపించుకున్నాడు. కొందరి దృష్టిలో, నేతాజీని కాపాడ్డానికి అబద్ధం చెప్తున్న నమ్మకస్తుడు. ఏం చెప్పినా వినేవాడు లేడు.

రెండోది అనితా బోస్ ఫాఫ్. నేతాజీ కూతురు. 1942 నవంబర్‌లో పుట్టింది. తండ్రి సబ్‌మెరైన్ ఎక్కేటప్పటికి ఆమెకి రెండు నెలలు దాటాయంతే. మళ్ళీ ఆయన్ని చూడలేదు. జర్మనీలో ఎకనామిక్స్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఆమె చాలా ఏళ్ళుగా అడుగుతున్నది ఒక్కటే: నాన్న అస్థికల్ని స్వతంత్ర భారతదేశానికి తీసుకురండి, కావాలంటే డీఎన్‌ఏ పరీక్ష చేయండి. చూడండి, పరీక్షకి సిద్ధమన్నది ఎవరో. ఫెయిల్ అయ్యే ఛాన్స్ ఉన్న టెస్ట్ అడుగుతున్నది ఆమె.

మనం ఆయన చావుని ఒప్పుకోనంతకాలం ఆ కలశం టోక్యోలోనే ఉంటుంది. ఆయన్ని అంతగా ప్రేమించే దేశం ఆయనకి ఒక అంత్యక్రియ కూడా చేయలేకపోయింది.

కాబట్టి ఈసారి 'వాళ్ళు మీకు చెప్పని నిజం' అని ఏ వీడియో వచ్చినా, నేతాజీ గురించే కాదు, దేని గురించైనా, నా వీడియో అయినా సరే, ఒక్క ప్రశ్న వేసుకోండి. ఏం చూపిస్తే నేను నా అభిప్రాయం మార్చుకుంటాను? జవాబు దొరికితే మీది అనుమానం, దాన్ని వదలకండి, వెతకండి. 'ఏం చూపించినా మార్చుకోను' అని వస్తే, అక్కడ కాసేపు ఆగి ఆలోచించండి.

మీరేమనుకుంటున్నారో కింద రాయండి. తిట్లైనా పర్లేదు, ఆధారంతో తిట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. జై హింద్.